గ్రీన్ మీద ఆ రంధ్రాలు ఎందుకు?

(బెంగళూరులో గోల్ఫ్ ఆడే తెలుగువాళ్లు ఒక ఆదివారం సాయంత్రం కలుసుకున్నప్పుడు, ఇక్కడి కోర్సుల్లో చాలాకాలంగా గ్రీన్ల పని, అంటే బంతి పడాల్సిన కప్పు అనే గుంట చుట్టూ పొట్టిగా కోసిన గడ్డి పని, చూస్తున్న ఒకాయన మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసి పెడుతున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నేను రెండు వస్తువులు తెచ్చాను, అవి దూరం నుంచి కనపడవు.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. నిజం చెప్పండి. "ఇంత డబ్బు కట్టి ఆడదామని వస్తే గ్రీన్ నిండా చిల్లులు పొడిచి పెట్టారేంటండీ" అని మీలో ఎంతమంది అన్నారు? చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ. పైకి అననివాళ్లు మనసులో అనుకునే ఉంటారు. తప్పేం లేదు. నాలుగడుగుల పట్, అంటే బంతిని మెల్లగా కప్పులోకి దొర్లించే దెబ్బ, తేలిగ్గా పడాల్సింది, రంధ్రం అంచు తగిలి పక్కకి పోతే ఎవరికైనా మండుతుంది. కానీ మీరు డిసెంబర్‌లో "ఆహా, గ్రీన్లు ఎంత బాగున్నాయి" అంటారే, ఆ డిసెంబర్ గ్రీన్ తయారయ్యేది మీరు తిట్టుకునే ఆ మే నెలలోనే. మే నెల పని జరగకపోతే డిసెంబర్ గ్రీన్ లేదు. ఇవాళ నేను చెప్పడానికి వచ్చింది ఇదే. మిగతాదంతా ఎందుకు, ఎలా అన్న వివరం.

మనలో చాలామందికి ఊళ్లో పొలం ఉంది, లేదా ఒకప్పుడు ఉండేది. రైతు ఏం చేస్తాడు? పంట కోశాక నేలని దున్నుతాడు, గుల్ల చేస్తాడు, ఎండకి ఆరబెడతాడు, ఎరువు తోలుతాడు, మళ్లీ వేస్తాడు. నేలకి విరామం ఉంటుంది. గ్రీన్ మీద మాకు ఆ అవకాశం ఉందా? లేదు. పంట ఎప్పుడూ నిలబడే ఉండాలి. దాన్ని రోజూ కోయాలి. రోజూ దాని మీద జనం నడవాలి. ఎక్కువమంది నడిచేది కూడా ఎక్కడ? కప్పు చుట్టూ ఉన్న కొద్దిపాటి చోటులోనే. ఏడాది పొడవునా తొక్కుడు. ఆ నేలని దున్నడానికి లేదు, తిరగేయడానికి లేదు. పంటని కదపకుండా కింద నేలని ఎలా గుల్ల చేయాలి? మా పని అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. రంధ్రాలు వేయడం, ఇసుక చల్లడం, నిలువు బ్లేడ్లతో గీయడం, అన్నీ దానికి జవాబులే.

ఇంకో సంగతి. ఆ పంట ఏది? మన గరికే. వినాయక చవితికి దేవుడికి పెట్టే గరిక, పొలం గట్టు మీద ఎంత పీకినా మళ్లీ వచ్చే గరిక. బెంగళూరులో, చెన్నైలో మీరు ఆడే గ్రీన్లలో చాలావాటి మీద ఉన్నది ఆ గరిక జాతిని ఆఫ్రికా గరికతో కలిపి చేసిన సంకరాలే. దీని మీద పెద్ద పని జరిగింది అమెరికాలో, జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే ఊళ్లో. అందుకే ఆ రకాల పేర్లలో చాలావాటికి ముందు 'టిఫ్' ఉంటుంది. టిఫ్‌గ్రీన్ 1956లో వచ్చింది, టిఫ్‌డ్వార్ఫ్ 1965లో వచ్చింది. 1990ల చివర్లో టిఫ్‌ఈగల్ లాంటి అల్ట్రాడ్వార్ఫ్‌లు, అంటే మరీ పొట్టి రకాలు వచ్చాయి. అల్ట్రాడ్వార్ఫ్‌ని మూడు మిల్లీమీటర్లకి, అంతకంటే తక్కువకి కూడా కోయొచ్చు. మూడు మిల్లీమీటర్లు! రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే వచ్చేంత మందం. ఆ మొక్కకి ఉన్న ఆకంతా అంతే. ఆ కాస్త ఆకుతో అది ఎండని పట్టుకోవాలి, వేరుకి తిండి పెట్టాలి, మీ బూట్ల తొక్కుడు ఓర్చుకోవాలి. అంత కష్టపెడుతున్న మొక్కకి కింద నేల కూడా గట్టిపడిపోతే అది ఎలా బతుకుతుంది చెప్పండి?

సరే, ఇప్పుడు నేను తెచ్చినవి చూడండి. పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి తెచ్చాను. జాగ్రత్తగా పట్టుకోండి, విరిగిపోతాయి. ఇవి గ్రీన్‌లోంచి తీసిన మట్టి కడ్డీలు. రెండూ ఒకే పొద్దున తీసినవి, ఒకే కోర్సులోవి. ఒకటి సరిగ్గా చూసుకున్న గ్రీన్‌ది, ఇంకొకటి చెట్ల నీడలో ఉన్న గ్రీన్‌ది. ఆ రెండో గ్రీన్ పని చాలాసార్లు వాయిదా పడింది.

మొదటిది పట్టుకోండి. పైన పచ్చ గడ్డి, దాని కింద పలచగా గోధుమరంగు, ఆ కింద మొత్తం ఒకే రంగు ఇసుక. వేళ్లు చూడండి, తెల్లగా, కింద చివరిదాకా దిగి ఉన్నాయి. కడ్డీని అడ్డంగా పట్టుకున్నా అది విరగడం లేదు, ఎందుకంటే వేళ్లే దాన్ని కట్టి ఉంచాయి.

ఇప్పుడు రెండోది. పైన గడ్డి దానికీ అలాగే ఉంది. పైనుంచి చూస్తే తేడా తెలియదు, రెండూ పచ్చగానే ఉన్నాయి. కింద చూడండి. బొటనవేలు వెడల్పున ముదురు గోధుమరంగు పొర. దాన్ని వేళ్లతో నొక్కండి, నీళ్లు వస్తున్నాయి. రాత్రి వాన పడలేదు, నిన్న నీళ్లు పెట్టలేదు, అయినా నీళ్లు వస్తున్నాయి. ఆ పొర కింద సన్నటి నల్ల గీత ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోండి. కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలి ఆడని చోట గంధకం చేసే పని అది. వేళ్లు ఎక్కడిదాకా వచ్చాయి? ఆ నల్ల గీత దాకా వచ్చి ఆగిపోయాయి. దాని కింద ఒక్క వేరు లేదు. చేతులు మారుస్తూ అందరూ చూడండి, తొందరేమీ లేదు.

ఆ గోధుమరంగు పొరని మేము థాచ్ అంటాం. గరిక పక్కలకి పాకే జాతి, మీకు తెలుసు. నేల మీద కాడలు పాకుతాయి, నేల లోపల కాడలు పాకుతాయి. పాతవి చస్తూ ఉంటాయి. చచ్చినవి కుళ్లి మట్టిలో కలవాలి. కానీ ఆ కాడలు గట్టివి, తొందరగా కుళ్లవు. చచ్చేది ఎక్కువై కుళ్లేది తక్కువైతే అదంతా మధ్యలో పేరుకుంటుంది. విచిత్రమేమిటంటే, మీరు కోరే ఆ సన్నటి, దట్టమైన అల్ట్రాడ్వార్ఫ్‌లే థాచ్‌ని ఎక్కువ పేరుస్తాయి. దట్టంగా పెరుగుతాయి కాబట్టే ఆట బాగుంటుంది, దట్టంగా పెరుగుతాయి కాబట్టే థాచ్ పేరుకుంటుంది. మంచి రకం వేశాం, ఇక పని తగ్గుతుంది అనుకునే క్లబ్బులు ఇక్కడే దెబ్బతింటాయి. పని పెరుగుతుంది.

కొంచెం థాచ్ ఉండాలి, అది కూడా చెప్పాలి. అసలు లేకపోతే దూరం నుంచి గ్రీన్ మీదకి కొట్టే అప్రోచ్ షాట్ అక్కడ నిలవదు, మొక్క మొదలుకి దెబ్బ తగులుతుంది. ఎక్కువైతేనే ఇబ్బంది.

ఎక్కువైతే మీ పట్‌కి ఏమవుతుంది? ఒకటి, అడుగు దిగుతుంది. మీ ముందు నలుగురు ఆడిపోతే వాళ్ల అడుగుల గుంటలు అలాగే ఉంటాయి. బంతి వేగంగా వెళ్తున్నప్పుడు ఆ గుంటల్ని లెక్కచేయదు. ఎప్పుడు లెక్కచేస్తుంది? చివరి రెండడుగుల్లో, వేగం చచ్చిపోయాక. అంటే సరిగ్గా కప్పు దగ్గరికి వచ్చాక. కప్పులోంచి బంతి తీసుకునేటప్పుడు ఎవరూ కప్పు అంచు మీద కాలు పెట్టరు, కాస్త ఎడంగానే నిలబడతారు. అందువల్ల కప్పుని ఆనుకుని చిన్న మెట్ట మిగులుతుంది, దాని చుట్టూ అడుగుల పల్లం. మెల్లగా వచ్చే బంతి ఆ మెట్ట ఎక్కలేక పక్కకి జారుతుంది. గట్టి గ్రీన్ మీద ఈ తేడా చాలా తక్కువ, మెత్తటి గ్రీన్ మీద ఎక్కువ. సాయంత్రం ఆడేవాళ్లకి పట్‌లు పొద్దున పడ్డంత బాగా పడవు అంటారే, కారణాల్లో ఇదొకటి.

రెండు, కోత యంత్రం కూడా దిగుతుంది. మేము షెడ్డులో యంత్రాన్ని మూడున్నర మిల్లీమీటర్లకి పెట్టాం అనుకోండి. మెత్తటి చోట దాని రోలర్ లోపలికి దిగుతుంది, బ్లేడు ఇంకా కిందకి తెగేస్తుంది. ఆకు పోయి కాడ మిగులుతుంది, గోధుమరంగు మచ్చ పడుతుంది. మీరు దాన్ని చూసి "జబ్బు పడింది, మందు కొట్టండి" అంటారు. అది జబ్బు కాదండీ, ఎత్తు తేడా. దానికి మందు లేదు.

మూడు, నీళ్లు పైనే నిలుస్తాయి. పైనే నీళ్లుంటే వేరు కిందకి ఎందుకు దిగుతుంది? దిగదు. వేరు పైనే ఉంటే ఏప్రిల్ ఎండకి మధ్యాహ్నానికల్లా గడ్డి వాడిపోతుంది. వాడిపోతే ఇంకా నీళ్లు పెడతాం, ఇంకా మెత్తబడుతుంది. 2024 వేసవిలో బెంగళూరులో నీళ్ల కటకట ఎంతగా వచ్చిందో మీ అందరికీ గుర్తుంది, తోటలకి తాగునీళ్లు వాడితే 5000 రూపాయల జరిమానా వేశారు. అలాంటి ఏడాది వేరు లోతుగా ఉన్న గ్రీన్‌కి, వేరు పైనే ఉన్న గ్రీన్‌కి తేడా కళ్లకి కట్టినట్టు కనపడుతుంది.

ఇప్పుడు రంధ్రాల లెక్క చెప్తాను. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కదా. హాలో టైన్ అంటే బోలుగా ఉండే ఇనుప గొట్టం. యంత్రం దాన్ని నేలలోకి గుచ్చి మట్టి కడ్డీని పైకి తీసేస్తుంది. అర అంగుళం వ్యాసం టైన్, రెండంగుళాలకి ఒకటి చొప్పున అనుకోండి. చదరపు అడుగుకి 36 రంధ్రాలు. 5000 చదరపు అడుగుల గ్రీన్‌కి 1,80,000 రంధ్రాలు. వినడానికి భయంగా ఉంది కదా? కానీ గ్రీన్ వైశాల్యంలో అది ఎంత? 5 శాతం కూడా లేదు, 4.9 శాతం. 95 శాతం గ్రీన్‌ని అసలు ముట్టుకోలేదు మేము. ఏడాది మొత్తంలో 15 నుంచి 20 శాతం దాకా కదిలించాలని చాలాకాలంగా ఒక సూత్రం ఉంది. అన్ని చోట్లా అంతే కావాలని నేను అనను, కడ్డీ తీసి చూసి నిర్ణయించుకోవాలి. కానీ ఏడాదికి ఒక్కసారి అర అంగుళం టైన్ వేసి వదిలేస్తే పనిలో మూడో వంతు కూడా కాలేదని తెలుసుకోవాలి.

"పావు అంగుళం టైన్ వేయండి, చిన్న రంధ్రాలు, ఆటకి ఇబ్బంది ఉండదు" అని కమిటీలో అంటారు. వింటే సబబుగానే ఉంటుంది. కానీ వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది. 4.9 శాతం కాస్తా 1.2 శాతం అయిపోతుంది. అంతే పని జరగాలంటే నాలుగుసార్లు వేయాలి. నాలుగుసార్లు వేయడానికి ఒప్పుకుంటారా? ఒప్పుకుంటే అది కూడా మంచి పద్ధతే, ఒక్కోసారికి ఒక వారం పది రోజుల్లో పూడిపోతుంది. ఒకసారే, అదీ చిన్నదే అంటే మాత్రం పని చేసినట్టు కాదు.

రంధ్రం వేయడంతో పని అయిపోదు, దాన్ని ఇసుకతో నింపాలి. ఇక్కడే చాలా కోర్సులు చెడతాయి, అందుకని దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. మూడంగుళాల లోతు వేస్తే ఒక్కో గ్రీన్‌కి ఆ రంధ్రాలు నింపడానికే దాదాపు 60 ఘనపుటడుగుల ఇసుక కావాలి. 18 గ్రీన్లకి దాదాపు 1100. నింపకుండా వదిలేస్తే ఏమవుతుంది? అంచులు కుంగుతాయి, గుంటలుగా పూడతాయి, బంతి వారాల తరబడి గెంతుతుంది. అంచుదాకా నింపితే? ఆ ఇసుక మీదుగా గరిక పాకుతుంది, చదునుగా పూడుతుంది, ఆ రంధ్రం నీళ్లకి, గాలికి, వేరుకి దారి అవుతుంది. మీరు తిట్టుకునే రోజులు తగ్గాలంటే రంధ్రాలు తగ్గించనక్కర్లేదు. ఇసుక తగ్గించకూడదు.

ఏ ఇసుక? ఏదో ఒకటి కాదు. గింజ ఎక్కువ భాగం పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్యలో ఉండాలి. దుమ్ము ఉండకూడదు. ఇదివరకు నది ఇసుక వచ్చేది, గుండ్రటి గింజ, కడిగితే శుభ్రంగా ఉండేది. ఇప్పుడు దాని మీద ఆంక్షలు, ధర కూడా మీకు తెలుసు, ఇల్లు కట్టినవాళ్లు ఉన్నారు కదా ఇక్కడ. అందుకని ఎం శాండ్ వస్తుంది. రాయి పగలగొట్టి చేసేది. దాని గింజ కోణాలు కోణాలుగా ఉంటుంది, రాతి పొడి కలిసి ఉంటుంది. జల్లెడ పట్టకుండా, కడగకుండా ఆ ఎం శాండ్ వేశారనుకోండి, ఆ పొడి రంధ్రంలో గట్టిగా పట్టుకుపోతుంది. గాలి కోసం వేసిన రంధ్రాన్ని మనమే మూసినట్టు. బ్లేడు పదును కూడా పోతుంది. మా దగ్గర లోడు వచ్చినప్పుడల్లా ఒక పారదర్శకమైన సీసాలో సగం ఇసుక, సగం నీళ్లు పోసి కుదిపి పక్కన పెడతాం. కాసేపటికి ఇసుక కిందకి దిగుతుంది. నీళ్లు తేటగా ఉంటే లోడు దింపుతారు. టీ రంగులో మురికిగా ఉండిపోతే వెనక్కి పంపిస్తాం. ఈ పరీక్ష చేసేది హిందూపురం వైపు నుంచి వచ్చి మా దగ్గర పనిచేసే ఒకావిడ. ఇప్పుడు ఆవిడకి సీసా కూడా అక్కర్లేదు. గుప్పెడు తీసుకుని అరచేతిలో రాసి, చేతికి అంటిన పొడి చూసి చెప్పేస్తుంది. లారీ డ్రైవర్లకి ఆవిడంటే భయం. ల్యాబుకి పంపడం మానలేదు, అది పంపాల్సిందే, కానీ ల్యాబు రిపోర్టు వచ్చేదాకా లారీ ఆగదు కదా.

మిగతా పద్ధతులు తొందరగా చెప్పేస్తాను. సూది టైన్లు ఉన్నాయి, సన్నగా గుచ్చి వదిలేస్తాయి, మట్టి బయటికి రాదు. రోలర్ తోలితే ఒకటి రెండు రోజుల్లో మీకు తెలియను కూడా తెలియదు. గాలికి, నీళ్లకి మంచిది, వానాకాలంలో నెలకోసారి చేసుకోవచ్చు. కానీ థాచ్ బయటికి పోదు, అది గుర్తుపెట్టుకోండి. లోతు టైన్లు ఉన్నాయి, ఎనిమిది పది అంగుళాలు దిగుతాయి, కింద గట్టి పొర ఏర్పడ్డ పాత గ్రీన్లకి. పాత కోర్సుల్లో గ్రీన్లు ఇక్కడి ఎర్రమట్టితోనే పోసినవి. కొత్తగా కట్టేవి చాలావరకు అమెరికా గోల్ఫ్ సంఘం యుఎస్‌జిఎ పద్ధతిలో, కింద నాలుగంగుళాల కంకర, పైన పన్నెండంగుళాల ఇసుక మిశ్రమం. ఎర్రమట్టి గ్రీన్‌కి లోతు టైన్ ప్రాణం పోస్తుంది.

వర్టికట్, అంటే నిలువు బ్లేడ్లతో గీయడం గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మీ పట్‌లో 'గ్రెయిన్' అంటారే, అది దీనితో ముడిపడి ఉంది. గరిక ఆకు నిలువుగా నిలబడదు, పాకిన వైపుకి వాలుతుంది. వాలిన వైపుకి పట్ చేస్తే వేగంగా పోతుంది, ఎదురుగా చేస్తే తొందరగా ఆగిపోతుంది, అడ్డంగా చేస్తే ఆ వైపుకి లాగుతుంది. చూసి ఎలా తెలుసుకోవాలి? గడ్డి మెరుస్తూ లేత రంగులో కనిపిస్తే మీకు దూరంగా వాలి ఉంది. ముదురుగా కనిపిస్తే మీ వైపు వాలి ఉంది. ఇంకా నమ్మకంగా కావాలంటే కప్పు అంచు చూడండి. అంచులో ఒక పక్క నున్నగా, పచ్చగా ఉంటుంది, ఎదురు పక్క చిరిగినట్టు, ఎండినట్టు ఉంటుంది. ఆ ఎండిన పక్కకే గడ్డి పాకుతోంది. కప్పు కోసినప్పుడు అటు పక్క ఆకులకి వేరు తెగిపోయింది కాబట్టి అవి ఎండాయి. మధ్యాహ్నం తర్వాత ఇది బాగా కనిపిస్తుంది. ఇప్పుడు వర్టికట్ ఏం చేస్తుంది? నిలువు బ్లేడ్లు ఆ పాకే కాడల్ని తెగ్గోస్తాయి, ఆకు నిలువుగా లేస్తుంది, గ్రెయిన్ తగ్గుతుంది. పైపైన, ఒకటి రెండు మిల్లీమీటర్లు, తరచుగా చేస్తే ఆటకి ఏ ఇబ్బందీ ఉండదు, రెండో రోజుకి గ్రీన్ ముందుకంటే నికరంగా ఉంటుంది. దాన్ని నెలల తరబడి వదిలేసి ఒకేసారి లోతుగా గీస్తే మాత్రం గీతలు పడతాయి, బంతి ఆ గీతల వెంట పోతుంది.

స్పీడ్ గురించి చెప్పకపోతే మీరు నన్ను వదలరు. "ఇవాళ స్టింప్ ఎంత?" మా కుర్రాళ్లని పొద్దున్నే అందరూ అడిగే మాట ఇదే. అసలు ఆ స్టింప్‌మీటర్ ఎందుకు పుట్టింది? 1935లో అమెరికాలో ఓక్‌మాంట్‌లో యుఎస్ ఓపెన్ జరిగింది. అక్కడ జీన్ సారజెన్ పట్ చేస్తే బంతి గ్రీన్ దాటి బంకర్‌లోకి, అంటే ఇసుక గుంటలోకి దొర్లిపోయిందని చెప్తారు. అది చూసిన ఎడ్వర్డ్ స్టింప్సన్‌కి గ్రీన్లు మరీ వేగంగా ఉన్నాయనిపించింది, దాన్ని నిరూపించడానికి ఒక కొలత చేశాడు. యుఎస్‌జిఎ దాన్ని 1976లో సవరించి, 1978లో కోర్సులకి ఇచ్చింది. 36 అంగుళాల అల్యూమినియం పట్టీ, మధ్యలో గాడి. పైన ఒక నొక్కులో బంతి పెట్టి మెల్లగా ఎత్తితే దాదాపు 20 డిగ్రీల దగ్గర బంతి జారుతుంది. ఎన్ని అడుగులు పోయిందో కొలుస్తాం. మూడు బంతులు ఇటు, మూడు అటు, సగటు తీస్తాం. ఇంతే. అప్పట్లో అమెరికా అంతా తిరిగి కొలిస్తే సగటు ఆరున్నర అడుగులు వచ్చింది. ఇవాళ తొమ్మిది అంటే నిదానం అంటున్నారు మన సభ్యులు.

ఆ పట్టీని కోర్సులకి ఇచ్చింది ఎందుకు? ఒక కోర్సులో 18 గ్రీన్లూ ఒకేలా ఉండేలా చూసుకోవడానికి. పక్క క్లబ్బుతో పోటీ పడటానికి కాదు. మిచిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు గోల్ఫర్ల మీద పరీక్ష చేస్తే, రెండు గ్రీన్ల మధ్య ఆరంగుళాల తేడా ఉన్నా చాలామంది గుర్తుపట్టలేకపోయారు. ఆ ఆరంగుళాల కోసం మేము అర మిల్లీమీటరు ఇంకా కిందకి కోయాలి. గడ్డికి ఆ అర మిల్లీమీటరు ఆకు అంటే ఎంతో మీరే ఆలోచించండి. గుర్తుపట్టలేని తేడా కోసం మొక్క ప్రాణం తీయమంటారా?

కాస్త స్పీడ్ కావాలంటే వేరే దారులున్నాయి. రోలర్ తోలడం ఒకటి. తేలికపాటి రోలర్, వారానికి రెండు మూడుసార్లు, నేల తడిగా లేనప్పుడు. వెంటనే స్పీడ్ పెరుగుతుంది, ముఖ్యంగా బంతి గెంతకుండా దొర్లుతుంది. అదే మిచిగన్ పరిశోధనల్లో, తరచుగా రోలర్ తోలిన గ్రీన్లలో డాలర్ స్పాట్ తెగులు తగ్గిందని కూడా తేలింది. నత్రజని కొద్ది కొద్దిగా వేయడం ఇంకొకటి. ఒకేసారి గుమ్మరిస్తే ఆకు బలుస్తుంది, బంతి ఆగిపోతుంది. పైపైన పలచగా ఇసుక చల్లి బ్రష్ కొట్టడం మరొకటి, వారం రెండు వారాలకోసారి, కళ్లకి కనపడనంత పలచగా. నన్నడిగితే గ్రీన్‌ని చూడాల్సిన వరస ఇది: బంతి నికరంగా దొర్లుతోందా, నేల గట్టిగా ఉందా, అన్ని గ్రీన్లూ ఒకేలా ఉన్నాయా. స్పీడ్ ఆ తర్వాతే.

ఇక ఎప్పుడు చేయాలి? ఇక్కడే నా బాధ ఉంది, చెప్పనివ్వండి. గరిక వేడిని ఇష్టపడే గడ్డి. రంధ్రం పూడాలంటే అది జోరుగా పాకుతూ ఉండాలి. బెంగళూరులో ఆ జోరు ఏప్రిల్, మే, జూన్ మొదట్లో ఉంటుంది. మధ్యలో మామిడి జల్లులు కూడా పడతాయి, ఇంకా మంచిది. అప్పుడు వేస్తే రెండు మూడు వారాల్లో పూడిపోతుంది. సెప్టెంబర్ ఇక్కడ వానలు ఎక్కువ పడే నెల, యంత్రాలు గ్రీన్ మీదకి తీసుకెళ్లలేం. డిసెంబర్, జనవరిలో రాత్రి చలికి గడ్డి పెరుగుదల మందగిస్తుంది. అప్పుడు వేసిన రంధ్రం మీరు ఫిబ్రవరిలో కూడా చూస్తూనే ఉంటారు. చెన్నై నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారు, మీ లెక్క వేరు. మీకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, కాబట్టి ఆగస్టులోపు పెద్ద పని అయిపోవాలి. అక్కడ చలి బాధ తక్కువ, బోరు నీళ్లలో ఉప్పు బాధ ఎక్కువ. ఆ ఉప్పుని కిందకి కడిగేయాలన్నా నీళ్లు దిగే దారి ఉండాలి, అంటే మళ్లీ రంధ్రాలే.

మరి మే నెలలో చేద్దామంటే ఏమంటారు? "పిల్లలకి సెలవులు, అందరూ ఆడటానికి వస్తారు, జూన్‌లో చూద్దాం." జూన్‌లో ఒక టోర్నమెంట్. "ఆగస్టులో చూద్దాం." ఆగస్టులో ఇంకోటి. నేను పనిచేసిన ఒక చోట ఇలా వరుసగా వాయిదా వేస్తూ పోయారు. మొదటి ఏడాది ఏమీ తెలియలేదు, అదే మోసం. గ్రీన్లు పచ్చగా, నున్నగా ఉన్నాయి, "చూశారా, రంధ్రాలు లేకపోయినా బాగానే ఉంది" అన్నారు. రెండో ఏడాది వానలకి నీళ్లు నిలిచాయి. ఆ తర్వాత వేసవికి నాలుగు గ్రీన్ల మీద గడ్డి చాప చుట్టినట్టు ఊడి వచ్చింది, కింద వేరు లేదు. వాటిని మూసేసి, మళ్లీ కాడలు నాటి, ఆటకి వచ్చేదాకా నెలలు పట్టింది. సభ్యులు టెంపరరీ గ్రీన్ల మీద ఆడారు. ఆ ఎండలో ఊడిన గడ్డిని గంపలకెత్తి మోసింది ఎవరు? మా పనివాళ్లు. తిట్లు పడింది ఎవరికి? వాళ్లకే. కోలార్ నుంచి, చిక్కబళ్లాపుర్ నుంచి, అనంతపురం నుంచి వచ్చినవాళ్లు వాళ్లు, మన భాష మాట్లాడేవాళ్లు. మీరు టీ ఆఫ్ చేసి ఆట మొదలుపెట్టే టైంకి వాళ్లు సగం రోజు పని చేసేసి ఉంటారు. ఏ గ్రీన్‌కి ఏం కావాలో వాళ్ల కాళ్లకి తెలుసు. కమిటీ గదిలో వాళ్ల మాట వినపడదు, మీ మాట వినపడుతుంది. అందుకే ఇవాళ మీ దగ్గరికి వచ్చాను.

మీరు చేయగలిగింది చెప్తాను. క్లబ్ క్యాలెండర్ వేసేటప్పుడు ముందు కోరింగ్, అంటే ఈ రంధ్రాలు వేసే పని తేదీలు రాయించండి, ఆ తర్వాత టోర్నమెంట్లు రాయండి. ఇప్పుడు జరిగేది దానికి తలకిందులుగా ఉంది. ఆ వారాల్లో ఆడొద్దని నేను అనను, ఆడండి. రూల్స్ విషయం కూడా తెలిసి ఉండటం మంచిది. 2019 నుంచి గ్రీన్ మీద బూటు గీతలు, బంతి పడి చేసిన గుంటలు సరిచేసుకోవచ్చు, కానీ కోరింగ్ రంధ్రాలు సరిచేయకూడదు, 13.1సి రూల్‌లో ఉంది. అయితే కమిటీ ఇ-4 అనే నమూనా లోకల్ రూల్ పెట్టుకోవచ్చు. అప్పుడు మీ బంతి రంధ్రంలో ఉన్నా, రంధ్రానికి తగిలి ఉన్నా పెనాల్టీ లేకుండా పక్కకి పెట్టుకోవచ్చు. పట్ దారిలో రంధ్రాలున్నాయని మాత్రం జరపడానికి లేదు. మీ క్లబ్బులో అది పెట్టారో లేదో అడగండి. పెట్టకపోతే పెట్టించండి, ఆ రెండు వారాల కోపం సగం తగ్గుతుంది.

ఇంకొకటి, బంతి గుంటలు. మీలో చాలామంది సరిచేస్తారు, సంతోషం, కానీ చాలామంది తప్పుగా చేస్తారు. ఫోర్కు గుచ్చి గుంట అడుగు నుంచి పైకి ఎత్తుతారు. అలా ఎత్తితే వేరు తెగుతుంది, ఆ చోట గోధుమరంగు మచ్చ వారాలపాటు ఉంటుంది. పైకి ఎత్తకండి. గుంట అంచుకి బయట గుచ్చి, గడ్డిని లోపలికి, మధ్యకి నెట్టండి, చుట్టూ నాలుగు వైపులా. తర్వాత పటర్‌తో మెల్లగా తట్టండి. కిటికీ దగ్గర ఒక ట్రేలో గ్రీన్ ముక్క పెట్టించాను, పక్కనే ఫోర్కులున్నాయి. వెళ్లేముందు ఒక్కొక్కరూ చేసి చూడండి, తప్పు చేస్తే అక్కడే చెప్తాను. ఆ కడ్డీలు అందరికీ చేరాయా? చివరి వరసలో ఉన్నవాళ్లు నొక్కి చూశారా? సరే, ఇక ప్రశ్నలు అడగండి. చెన్నైవాళ్లు ముందు, మీకు రైలు ఉంది.